బెంజ్ పేరు ఎవరు సంపాదించారు, ఎవరు ఖర్చు పెట్టారు

మీరు అడిగింది ఇది: మీ నాన్నగారు "బెంజ్ అంటే బెంజే" అంటారు. ఆఫీసులో స్నేహితులేమో "ఆ గుర్తుకే డబ్బులు, లోపల అన్ని బండ్లలాంటిదే" అంటున్నారు. మీరు సెకండ్ హ్యాండ్‌లో ఒక ఇ-క్లాస్ (బెంజ్‌వాళ్ళ మధ్య సైజు కారు) చూస్తున్నారు, ఎవరి మాట నమ్మాలి, అసలు ఆ పేరు ఎలా వచ్చింది అని.

ఎవరి మాట నమ్మాలో తేలాలంటే ముందు వాళ్ళు ఏ కాలపు బండి గురించి మాట్లాడుతున్నారో తెలియాలి. బెంజ్ విషయంలో ఈ ఒక్క ప్రశ్న వేయకుండా జరిగే వాదన అంతా దండగ. నేను ముప్పై ఏళ్ళుగా ఇంజిన్ల పనిలో ఉన్నాను. నేర్చుకున్నది ఖమ్మంలో ట్రాక్స్ బండ్లు బాగుచేసే షెడ్డులో, ఇప్పుడు హైదరాబాద్‌లో ఎక్కువగా జర్మన్ కార్లు చూస్తాను. కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మొదట పేరు సంగతి. మనం బెంజ్ అంటాం, అమెరికాలో మెర్సిడెస్ అంటారు, స్టుట్‌గార్ట్ వైపు అదే ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు "డైమ్లర్‌లో పని" అంటారు. ముగ్గురూ తప్పు కాదు, ఎందుకంటే అది రెండు కంపెనీలు, ఒక అమ్మాయి పేరు కలిసిన పేరు. కార్ల్ బెంజ్ మన్‌హైమ్‌లో ఉండేవాడు. 1886 జనవరి 29న గ్యాస్ ఇంజిన్‌తో నడిచే మూడు చక్రాల బండికి పేటెంట్ దరఖాస్తు చేశాడు. ఇంజిన్ ఒకటే సిలిండర్, 954 సీసీ, ఒక హార్స్‌పవర్ కూడా లేదు. దాదాపు అదే సమయంలో వంద కిలోమీటర్ల దూరంలో, స్టుట్‌గార్ట్ పక్కన కాన్‌స్టాట్‌లో, గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మైబాక్ కలిసి వేగంగా తిరిగే చిన్న పెట్రోల్ ఇంజిన్ తయారు చేసి ముందు సైకిల్‌లాంటి బండికి, తర్వాత గుర్రబ్బండికి బిగించారు.

బెంజ్ మంచి పనివాడే కానీ అమ్మడం చేతకాని మనిషి. బండి తయారుచేసి షెడ్డులో పెట్టుకుని ఇంకా బాగుచేస్తూ కూర్చున్నాడు. అతని భార్య బెర్తా తన కట్నం డబ్బు ఆ వ్యాపారంలో పెట్టింది కాబట్టి ఆవిడకి బండ్లు అమ్ముడుపోవాలన్న తొందర ఉండడం సహజం. 1888 ఆగస్టులో భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి వంద కిలోమీటర్ల పైన నడుపుకుంటూ వెళ్ళింది. పెట్రోల్ బంకులు లేవు. వీస్‌లోక్ అనే ఊళ్ళో మందుల షాపులో, మరకలు తుడవడానికి అమ్మే లిగ్రోయిన్ కొని పోసుకుంది. పైపు బ్లాక్ అయితే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి తీసింది. బ్రేకు అరిగితే చెప్పులు కుట్టే అతనితో తోలు వేయించింది. ఎత్తు ఎక్కలేకపోతే పిల్లలు దిగి తోశారు. తిరిగొచ్చాక, ఎత్తుకి ఇంకో గేర్ కావాలని చెప్పింది, బెంజ్ పెట్టాడు. నా దృష్టిలో ప్రపంచంలో మొదటి మెకానిక్ ఆవిడే. రోడ్డు మీద ఆగిపోయిన బండిని చేతిలో ఉన్నదానితో నడిపించడమే కదా ఈ పని.

ఇక అమ్మాయి పేరు. ఎమిల్ జెల్లినెక్ అని ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఉండే వ్యాపారి, డైమ్లర్ కార్లు డబ్బున్నవాళ్ళకి అమ్మేవాడు, పందేల్లో దించేవాడు. ఆ కార్లు ఎత్తుగా, దబ్బున పల్టీ కొట్టేలా ఉండేవి. తక్కువ ఎత్తులో, పొడుగ్గా, బలమైన ఇంజిన్‌తో కొత్తది చేసిస్తే 36 కార్లు కొంటాను, దానికి నా కూతురు పేరు పెట్టాలి అన్నాడు. మైబాక్ చేశాడు. 1901 మార్చిలో నీస్ పందేల్లో ఆ 35 హార్స్‌పవర్ కారు మిగతావాటిని పాతకాలపు సామానులా చేసేసింది. పాప పేరు మెర్సిడెస్, అప్పటికి పదకొండేళ్ళు. స్పానిష్ మూలంలో కరుణ అని అర్థం. కాబట్టి మన భాషలో చెప్పుకుంటే అది కరుణ కారు. గాట్లీబ్ డైమ్లర్ ఆ కారు చూడకుండానే 1900లో పోయాడు.

మూడు మొనల నక్షత్రాన్ని డైమ్లర్ కంపెనీ 1909లో రిజిస్టర్ చేయించింది. నేల, నీరు, గాలి, మూడింటిలోనూ మా ఇంజిన్లే అని భావం. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీలో డబ్బుకి విలువ లేకుండా పోయింది, ఏ కంపెనీ ఒంటరిగా నిలబడే పరిస్థితి లేదు. 1926 జూన్‌లో రెండూ కలిశాయి. అక్కడి నుంచే మెర్సిడెస్-బెంజ్.

ఇక్కడ చాలామంది దాటేసే ఒక అధ్యాయం ఉంది. నాజీల కాలంలో పెద్ద 770 మోడల్ కార్లలో నిలబడి హిట్లర్ ఊరేగిన ఫోటోలు మీరు చూసే ఉంటారు. ఫోటోల కన్నా పెద్ద విషయం ఫ్యాక్టరీల్లో ఉంది. 1944లో కంపెనీలో 63,610 మంది పనిచేస్తే, అందులో దాదాపు సగం మంది బలవంతంగా తెచ్చిన కూలీలు, యుద్ధఖైదీలు, నిర్బంధ శిబిరాల ఖైదీలు. కంపెనీయే తర్వాత చరిత్రకారులతో పరిశోధన చేయించి ఒప్పుకున్న లెక్క ఇది. పేరు ప్రతిష్ఠల గురించి అడిగారు కాబట్టి ఇది చెప్పకుండా మిగతాది చెబితే అబద్ధం చెప్పినట్టే.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వస్తాను. బెంజ్ అంటే రాజులు, సినిమా హీరోలు, మంత్రులు ఎక్కే కారు అని మనకి ముద్ర పడిపోయింది. కానీ "బెంజ్ చెడిపోదు" అనే పేరు వాళ్ళ వల్ల రాలేదు. ఏడాదికి అయిదు వేల కిలోమీటర్లు తిరిగే కారు చెడిపోతుందో లేదో ఎవరికి తెలుస్తుంది? ఆ పేరు తెచ్చింది టాక్సీ డ్రైవర్లు.

1936లో 260డి అని డీజిల్ కారు తెచ్చారు, సిరీస్‌గా తయారైన మొదటి డీజిల్ కార్లలో అదొకటి. పొగ, చప్పుడు, నిదానం. కానీ ఇంధనం ఖర్చు తక్కువ, ఇంజిన్ దించాల్సిన పని పడదు. టాక్సీలవాళ్ళు ఎగబడ్డారు. యుద్ధం తర్వాత కూడా అదే దారి. 1970ల్లో వచ్చిన 200డి, 240డి కార్ల సంగతి చెబితే ఈ తరం నమ్మరు. డబ్ల్యూ123 (డబ్ల్యూ నంబరు అంటే ఒక్కో తరం మోడల్‌కి కంపెనీ పెట్టుకునే కోడ్) బాడీలో వచ్చిన 200డి ఇంజిన్ బలం 55 హార్స్‌పవర్, సున్నా నుంచి వంద స్పీడు అందుకోవడానికి అర నిమిషం పట్టేది. మన ఆల్టో దాన్ని ఓవర్‌టేక్ చేసి టీ తాగి రావచ్చు. అయినా 1976లో ఆ మోడల్ వచ్చినప్పుడు జర్మనీలో వెయిటింగ్ ఎంత ఉండేదంటే, కొద్దిగా వాడిన బండిని కొత్తదాని కన్నా ఎక్కువ ధరకి అమ్ముకున్నారు. పదేళ్ళలో దాదాపు 27 లక్షల బండ్లు తయారయ్యాయి. దానికి ముందు మోడల్ 240డిని ఒక గ్రీకు టాక్సీ డ్రైవర్ 46 లక్షల కిలోమీటర్లు నడిపి కంపెనీకే ఇచ్చేశాడు, వాళ్ళు మ్యూజియంలో పెట్టుకున్నారు.

జర్మనీలో టాక్సీలు లేత దంతం రంగులో ఉంటాయి, వాటిలో చాలా కాలం మెజారిటీ బెంజులే. చదువుకోడానికి వెళ్ళిన మా మేనల్లుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగగానే "మామయ్యా, ఇక్కడ టాక్సీ కూడా బెంజే" అని ఫోటో పంపాడు. టాక్సీ కూడా కాదురా, టాక్సీ కాబట్టే బెంజ్ అన్నాను.

మన దగ్గరికి కూడా ఆ పేరు ముందు కారు ఎక్కి రాలేదు, లారీ ఎక్కి వచ్చింది. 1954లో టాటావాళ్ళ టెల్కో, డైమ్లర్-బెంజ్ ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచేశాయి. పదిహేనేళ్ళు, అంటే 1969 దాకా, ఆ లారీల ముక్కు మీద నక్షత్రం ఉండేది. పెద్దవాళ్ళు "బెంజి లారీ" అనేది దాన్నే. విజయవాడలో రోజూ వేలమంది బెంజ్ సర్కిల్ అని ఆటోవాడికి చెబుతారు, మన్‌హైమ్‌లో మూడు చక్రాల బండి చేసిన మనిషి ఇంటిపేరు పలుకుతున్నామని ఎవరికీ తట్టదు. నేను షెడ్డులో నేర్చుకున్న ట్రాక్స్ ఉంది చూశారా, పల్లెల్లో లోపల పది మంది, పైన నలుగురు, వెనక వేలాడుతూ ఇద్దరు ఎక్కే బండి, దాని ఇంజిన్ ఓఎం616. అచ్చంగా 240డిలో ఉన్న ఇంజినే. బజాజ్ టెంపో లైసెన్సు తీసుకుని ఇక్కడ చేసింది. ఆయిల్ సరిగ్గా మారిస్తే చాలు, ఆ ఇంజిన్ ఓవర్‌లోడుని, కల్తీ డీజిల్‌ని, మా ప్రయోగాల్ని అన్నింటినీ భరించింది. బెంజ్ మీద నాకు గౌరవం అక్కడ పుట్టింది, షోరూమ్‌లో కాదు.

ఆ బండ్లు అంత గట్టిగా ఎందుకు ఉండేవి అంటే, అప్పట్లో కంపెనీలో మాట ఇంజినీర్లది. వాళ్ళు ముందు బండిని తమకి నచ్చినట్టు చేసేవారు, ఎంత ఖర్చయిందో చూసి ధర తర్వాత వేసేవారు. సేఫ్టీలో కూడా అదే పద్ధతి. బేలా బరేని అనే వాళ్ళ ఇంజినీరు, కారు మొత్తం ఇనప పెట్టెలా ఉండకూడదు, మనుషులు కూర్చునే గది గట్టిగా ఉండి ముందు వెనక భాగాలు నలిగిపోవాలి అన్నాడు. గుద్దిన దెబ్బ ఆ నలగడంలో ఖర్చయిపోతుంది, మనిషి దాకా రాదు. పేటెంట్ 1951లో, కారులో పెట్టింది 1959లో. ఇన్నేళ్ళయినా మన దగ్గర యాక్సిడెంట్ బండి చూసి "బోనెట్ పూర్తిగా నుజ్జయింది, రేకు నాసిరకం" అనేవాళ్ళు తగ్గలేదు. నుజ్జవ్వడమే దాని డ్యూటీ. 1978లో బాష్ కంపెనీతో కలిసి తమ పెద్ద కారు ఎస్-క్లాస్‌లో ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే పద్ధతి) తెచ్చారు, 1981 నాటికి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్. ఇవాళ మనం ఎనిమిది లక్షల కారులో కూడా అడిగే ఫీచర్లు ఇవి. రేసులు, తలుపులు రెక్కల్లా పైకి లేచే 1954 నాటి 300 ఎస్ఎల్, ఆ గొప్పలు వేరే చోట బోలెడు దొరుకుతాయి, వదిలేస్తున్నాను.

మరి మీ స్నేహితుల మాట ఎక్కడ నుంచి వచ్చింది? 1990ల నుంచి.

1989లో టొయోటా లెక్సస్ అని కొత్త పేరుతో ఎల్ఎస్ 400 తెచ్చింది. నిశ్శబ్దంగా, నున్నగా, చెడిపోకుండా, బెంజ్ ధర కన్నా చాలా తక్కువకి. అమెరికాలో బెంజ్ కొనేవాళ్ళు అటు చూశారు. స్టుట్‌గార్ట్‌లో అదే సమయానికి ఇంజినీర్లు డబ్ల్యూ140 ఎస్-క్లాస్ చేస్తున్నారు. డబుల్ గ్లాసులు, కొండంత బాడీ, బడ్జెట్ దాటిపోయిన ఖర్చు. 1991లో వచ్చింది. అద్భుతమైన బండి, కానీ కాలం మారింది. ఆ తర్వాత కంపెనీలో లెక్క తిరగబడింది. ముందు ధర నిర్ణయించు, ఆ ధరలో పట్టేలా బండి చెయ్యి. చూడ్డానికి ఇది తెలివైన పనే, జపాన్‌వాళ్ళు దశాబ్దాలుగా చేస్తున్నదే. తేడా ఏమిటంటే వాళ్ళకి తక్కువ ఖర్చులో గట్టిగా చేయడం వచ్చు. వీళ్ళకి ఖర్చు తగ్గించడం కొత్త, ఎక్కడ తగ్గించకూడదో తెలియలేదు.

దాని ఫలితాలు అందరికీ తెలిసినవే. 90ల మొదటి సగంలో పర్యావరణం కోసమని ఇంజిన్ వైరింగ్‌కి త్వరగా మట్టిలో కలిసిపోయే రకం తొడుగు వాడారు. అది మట్టి దాకా ఆగలేదు, బోనెట్ కింద వేడికే పొడిపొడిగా రాలింది. 1995లో వచ్చిన గుండ్రటి హెడ్‌లైట్ల ఇ-క్లాస్, డబ్ల్యూ210, యూరప్‌లో తుప్పుకి అపకీర్తి తెచ్చుకుంది. బెంజ్‌కి తుప్పు! 1997లో చిన్న కారు ఎ-క్లాస్ తెస్తే, స్వీడన్ పత్రికవాళ్ళు దుప్పి అడ్డొస్తే చటుక్కున తిప్పే పరీక్ష పెట్టారు, బండి పల్టీ కొట్టింది. అయితే ఆ దెబ్బకి కంపెనీ డెలివరీలు ఆపి, అప్పటిదాకా ఖరీదైన కార్లలోనే ఉండే ఈఎస్‌పీని (బండి అదుపు తప్పబోతే తనంతట తానే బ్రేకులు వేసి సరిచేసే పద్ధతి) ఆ చిన్న కారుకి ఉచితంగా పెట్టింది. ఆ తర్వాతే అది మామూలు కార్లలోకి వేగంగా దిగింది. నేను ఈ ఒక్క విషయంలో వాళ్ళని మెచ్చుకుంటాను.

1998లో ఇంకా పెద్ద తప్పు. అమెరికా కార్ల కంపెనీ క్రైస్లర్‌తో 36 బిలియన్ డాలర్ల కలయిక. సమానుల పెళ్ళి అని ప్రకటించారు, మొదటి రోజు నుంచే ఎవరిల్లు ఎవరిది అన్న గొడవ. 2007లో క్రైస్లర్‌ని వదిలించుకున్నారు. ఈ మధ్యలో బ్రేకు పెడల్‌కి ఎలక్ట్రానిక్ కంట్రోల్ పెట్టిన ఎస్‌బీసీ పద్ధతి తెచ్చి 2004లో 6 లక్షల 80 వేల కార్లు, 2005లో వేరే ఎలక్ట్రికల్ సమస్యలు కూడా కలిపి 13 లక్షల కార్లు వెనక్కి పిలిచారు. తాత కట్టిన ఇల్లు అమ్ముకుని తిన్నట్టుగా, టాక్సీవాళ్ళు సంపాదించి పెట్టిన పేరు మీద ఈ పదిహేనేళ్ళు బతికారు.

మనవాళ్ళకి ఇక్కడ చిన్న అదృష్టం ఉంది. పుణెలో 1995లో కార్ల అసెంబ్లీ మొదలైనప్పుడు తెచ్చింది డబ్ల్యూ124. యూరప్‌లో అప్పుడే దాన్ని ఆపి డబ్ల్యూ210 తెస్తున్నారు, పాత సరుకు మనకి అంటగట్టారని చాలామంది తిట్టారు. తీరా చూస్తే ఆ పాత సరుకే ఇంజినీర్ల కాలపు చివరి బండ్లలో ఒకటి. చివరి సంవత్సరాల పెట్రోల్ బండ్ల వైరింగ్ విషయం పక్కన పెడితే, ఆ బాడీ, ఆ తలుపు మూసుకునే శబ్దం మళ్ళీ రాలేదు.

తర్వాత కోలుకున్నారా? తుప్పు సమస్య సరిచేశారు, ఆ బ్రేకుల పద్ధతి ఇ-క్లాస్ నుంచి 2006లో తీసేశారు, 2009లో వచ్చిన డబ్ల్యూ212 ఇ-క్లాస్‌తో బండి మళ్ళీ గట్టిపడింది. అది నా అభిప్రాయం, కాదనేవాళ్ళూ ఉంటారు. కానీ అదే కాలపు డీజిల్ ఇంజిన్ల పొగ లెక్కల మీద కేసులు పడ్డాయి. 2019లో జర్మనీలో 870 మిలియన్ యూరోల జరిమానా కట్టారు, 2020లో అమెరికా ప్రభుత్వంతో 1.5 బిలియన్ డాలర్లకి రాజీ చేసుకున్నారు. డీజిల్‌తో పేరు తెచ్చుకున్న కంపెనీకి డీజిల్ దగ్గరే మచ్చ పడింది. ఫార్ములా వన్‌లో 2014 నుంచి 2021 దాకా వరసగా ఎనిమిది సార్లు టీమ్ టైటిల్ గెలిచారు, నిజమే, కానీ అది మీరు కొనే ఇ-క్లాస్ ఎయిర్ సస్పెన్షన్‌ని (స్ప్రింగుల బదులు గాలి సంచుల మీద బండిని నిలబెట్టే పద్ధతి) కాపాడదు.

ఇప్పుడు మీ బండి. ఇప్పటి బెంజ్ చెత్త బండి కాదు, అలాగని 240డి మనవడూ కాదు. రోడ్డు మీద కూర్చునే తీరు, బ్రేకులు, యాక్సిడెంట్‌లో మనిషిని కాపాడడం, వీటిలో దానికిచ్చే డబ్బు దండగ కాదు. కానీ సెన్సార్లు, మాడ్యూళ్ళు (బండిలో ఒక్కో పని చూసుకునే చిన్న కంప్యూటర్లు), ప్లాస్టిక్ పైపులు ఉన్న ఏ యంత్రమైనా వారంటీ దాటాక డబ్బు అడుగుతుంది. పాత బెంజ్ నిర్లక్ష్యాన్ని క్షమించేది, కొత్తది క్షమించదు. కాబట్టి మోడల్ కన్నా ఆ ఒక్క బండి చరిత్ర ముఖ్యం. సర్వీసు రికార్డు మొదటి నుంచి చివరి దాకా లేకపోతే ఎంత తక్కువకి వచ్చినా వద్దు. మీటర్ రీడింగ్ ఒక్కటే చూడకండి. ఒక కస్టమర్‌కి ఒక బ్రోకర్ 48 వేలు తిరిగిందని అమ్మిన జర్మన్ కారుకి నేను స్కానర్ పెడితే, ఇంకో మాడ్యూల్‌లో లక్షా ముప్పై వేలు కనిపించింది. కార్పెట్ ఎత్తి కింద చేయి పెట్టి చూడండి, సీటు పట్టాల దగ్గర తుప్పు, మూలల్లో సన్నటి మట్టి ఉంటే అది వరద నీళ్ళలో మునిగిన బండి. 2015 చెన్నై వరదల తర్వాత, 2020 హైదరాబాద్ వానల తర్వాత అలాంటివి తుడిచి మెరిపించి అమ్మారు. రాత్రంతా బండిని కదపకుండా ఉంచి పొద్దున్నే వెళ్ళి చూడండి, ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండి ఒక మూల కిందకి దిగి ఉంటే లీక్ ఉన్నట్టే. కొనే ధరలో కనీసం పది శాతం మొదటి ఏడాది ఖర్చుకి పక్కన పెట్టగలిగితేనే కొనండి. అది కుదరకపోతే అదే డబ్బుకి కొత్త మామూలు కారు తీసుకోండి, టెన్షన్ ఉండదు.

మీరు చూస్తున్న బండి ఏ సంవత్సరానిదో, డీజిలా పెట్రోలా రాస్తే ఇంకా వివరంగా చెప్తాను. అలాగే మీ నాన్నగారిని కూడా ఒక మాట అడిగి చెప్పండి, ఆయన "బెంజ్ అంటే బెంజే" అనేది కారు చూసా, లారీ చూసా అని. నాకు లారీ అనే అనుమానం.